గొర్రె దొంగకు దక్కని రాయి

ఈ జ్ఞాపకంలో ఎవరి పేరూ రాయను. అది మర్యాద కోసం కాదు. ఇందులో గోలంతా పేర్ల వల్లనే జరిగింది, వాటి మీద నాకు నమ్మకం పోయింది.

కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు చదువుతారని రాస్తున్నాను. మీలో చాలామంది ఇలాంటి ఆఫీసుల్లోనే కూర్చుంటారు. తెర మీద ఏదో దేశంవాళ్ళ బతుకు కనబడుతుంది. దాన్ని మీ కళ్ళతోనే చదవాలి, వేరే కళ్ళు ఎవరూ ఇవ్వరు. తప్పు జరిగితే మాత్రం ఆ కళ్ళనే తిడతారు.

నేను బడిలో చదివింది ఏడో తరగతి వరకు. మిగతా చదువు పటాన్‌చెరులో ఒక కెమికల్ ఫ్యాక్టరీలో రియాక్టర్ పక్కన నిలబడి చదివిందే. డ్రమ్ముల మీద ఇంగ్లిషు, గోడల మీద హెచ్చరికలు, ముందు షిఫ్టువాడు ఏది ఎంత పోశాడో బ్యాచ్ కార్డు మీద గీకి పోయిన రాత. ఆ రాత తప్పు చదివితే ప్రాణం మీదికి వస్తుంది, అందుకని ఎంతటి పిచ్చిరాతైనా చదవడం వచ్చేసింది. ఫ్యాక్టరీ మూతపడ్డాక నాకు రెండో ఉద్యోగం ఇప్పించింది ఆ విద్యే.

ఇస్నాపూర్ చౌరస్తా దగ్గర సిమెంటు దుకాణం పై అంతస్తులో ఒక ఆఫీసు పెట్టారు. బయటి దేశాలవాళ్ళు తమ తాతముత్తాతలను వెతికిపెట్టమని అడుగుతారు. ఆ దేశాల పాత కాగితాల ఫొటోలు మాకు కంప్యూటర్లో వస్తాయి. చదివి, కలిపి చూసి, ఫలానా ఆయన మీ ముత్తాత అని రిపోర్టు పంపడం మా పని. ఇంట్లో చెబితే నా భార్య పడీపడీ నవ్వింది.

"మీ తాత తండ్రి పేరు అడిగితె గోడ దిక్కు సూస్తవు. ఎవల తాతలనో నువ్వు దేవులాడుతవా?"

ఒకే పేరుతో వచ్చే కష్టం నాకు కొత్త కాదు. ఫ్యాక్టరీలో నా పేరూ నా ఇంటిపేరూ ఉన్నవాడు ఇంకొకడు ఉండేవాడు. చిట్కుల్‌లో గది కిరాయికి తీసుకుని ఉండేవాడు. వాడు డ్యూటీలో నిద్రపోతే మెమో నాకు వచ్చింది. నేను కాదు సార్ అంటే, నీ పేరే కదా రాసి ఉన్నది అన్నాడు ఆఫీసరు. ఫ్యాక్టరీ మూతపడేదాకా ఆ మెమో నా ఫైల్లోనే ఉంది. ఇప్పుడు తలుచుకున్నా ఒళ్ళు మండుతుంది.

ఇక అసలు సంగతి. ఆస్ట్రేలియా నుంచి ఒక ముసలామె మా ఆఫీసుకు పని ఒప్పగించింది. వాళ్ళ వంశంలో ఆ దేశానికి మొదట వచ్చిన మనిషి ఐర్లాండ్‌వాడు. ఆయన పేరు తెలుసు. అప్పట్లో తెల్లదొరలు శిక్షపడ్డవాళ్ళను ఆ దేశానికి పంపేవాళ్ళు, ఈయన్నూ ఇనుప సంకెళ్ళతో ఓడలో తెచ్చారని తెలుసు. ఆమె నాయనమ్మ పోతూ పోతూ, "ఆయన సమాధి మీద రాయి లేదు, నువ్వైనా పెట్టించు" అన్నదట. ఇప్పుడు ఈమెకు మోకాళ్ళు పనిచేయడం మానేస్తున్నాయి. నడవగలిగినప్పుడే రాయి నిలబెట్టాలని బంధువులందరినీ పిలిచింది. రాయి చెక్కేవాడితో మాట్లాడుకుంది. ఆమె మమ్మల్ని అడిగింది ఒక్కటే. ఆ రాయి ఏ సమాధి మీద పెట్టాలి?

వెతికితే అదే పేరుతో ముగ్గురు తేలారు. కొంచెం అటూ ఇటుగా ఒకే కాలంలో, ఒకే రేవులో దిగినవాళ్ళు. కంప్యూటర్ ముగ్గురికీ మూడు నంబర్లు ఇచ్చింది. నంబర్లు మాకు గుర్తుండేవి కావు. మా ఊళ్ళో ఒకే పేరున్న వాళ్ళను ఎలా పిలుస్తామో వీళ్ళనూ అలాగే పిలిచాం. ఒకాయన గొర్రెను దొంగిలించి శిక్షపడి వచ్చాడు, ఆయన గొర్రె దొంగ. ఒకాయన దొర గడ్డివాముకు నిప్పు పెట్టి వచ్చాడు, ఆయన గడ్డివాము ఆయన. మూడో ఆయన ఏ నేరమూ లేకుండా తన ఖర్చుతో వచ్చి భూమి సంపాదించుకున్నాడు, ఆయన పట్టాదారు. ఆఫీసంతా ఇవే మాటలు. టీ తెచ్చే మనిషి కూడా మెట్లెక్కుతూ, "గొర్రె దొంగ దొరికిండా?" అని అడిగేవాడు.

మా టీముకు పెద్దగా ఉన్నది కొండాపూర్ మండలంలోని ఒక రైతు కుటుంబం అమ్మాయి. పెద్ద చదువు చదివింది, కోపం తక్కువ. నన్ను తాతా అనేది. ఆఫీసుకు యజమాని సారు హైదరాబాద్ నుంచి కారులో వచ్చేవాడు. ముగ్గురి కథా విని ఆయన వెంటనే తేల్చేశాడు.

"పట్టాదారును ఇచ్చెయ్యండి. దొంగ మీ ముత్తాత అని చెబితే ఎవరికి సంతోషం?"

"సంకెళ్ళతోని వచ్చిండని ఆమెనే చెప్పింది కద సార్" అంది అమ్మాయి.

"నాయనమ్మలు వంద చెప్తారు. మంచి మనిషిని చూపించండి."

సారును ఒక్కణ్ణే అని లాభం లేదు. నాకూ లోపల అదే అనిపించింది. చిన్నప్పుడు సంగారెడ్డిలో పాత జైలు ముందు నుంచి పోతుంటే మా అమ్మ మా ముఖాలు అటు తిప్పనిచ్చేది కాదు. ఇప్పుడు జనం అక్కడికి చూడడానికి పోయి ఫొటోలు దిగుతున్నారు, అది వేరే సంగతి. జైలుకు పోయినవాణ్ణి కావాలని వెతికి తెచ్చుకునే మనిషి ఉంటుందంటే నమ్మడం కష్టమైంది. పట్టాదారు గురించి రాసి పంపాం. ఆమె ఒక్కరోజులో జవాబిచ్చింది. "ఈయన చాలా పెద్దమనిషి, ఈయన సమాధి మీద ఇప్పటికే పెద్ద రాయి ఉంది. నాకు సంకెళ్ళవాడు కావాలి." సారు మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

మిగిలింది ఇద్దరు. ఆమె తాతకు తండ్రి పసిబిడ్డగా ఉన్నప్పుడు పాదిరీ నీళ్ళు చల్లి పేరు పెట్టిన రోజు కాగితం మా దగ్గర ఉంది. అందులో తండ్రి పేరు మన ముగ్గురిదే. తల్లి పేరు కూడా ఉంది. ఆ పాదిరీలు తల్లికి పుట్టింటి ఇంటిపేరే రాస్తారని మాకు ముందే నేర్పారు. కానీ ఈ కాగితంలో తల్లికి, తండ్రికి ఇంటిపేరు ఒక్కటే.

దాని మీద మా గదిలో జరిగిన చర్చ నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"తాతా, తల్లికి సుత అదే ఇంటిపేరు రాసిండు."

"రాసినోడు తొందరల మొగుని ఇంటిపేరు ఎక్కించిండు. ఇగ అసలుది మనకు దొరకది."

"ఆమెది గూడ అదే ఇంటిపేరైతె?"

"ఒక్క ఇంటిపేరోళ్లు అన్నచెల్లెండ్లు అయితరు. పెండ్లేంది బిడ్డా?"

అమ్మాయి నాలుక కరుచుకుంది. దాన్ని అనుమానించాల్సిన అవసరం గదిలో ఇంకెవరికీ కనపడలేదు. మేమంతా ఒక్క నీళ్ళు తాగినవాళ్ళం.

అక్కడి నుంచి లెక్క సులువైంది. గొర్రె దొంగకు చర్చిలో పెండ్లి అయినట్టు కాగితం ఉంది. ఆ భార్య పేరూ, బిడ్డ తల్లి పేరూ ఒక్కటే, ఇంటిపేరు మాత్రం వేరు. ఆ దేశంలో ఆడవాళ్ళ పేర్లు కూడా మూడో నాలుగో ఉంటాయి, వాటినే తిప్పి తిప్పి పెడతారు. గడ్డివాము ఆయనకు పెండ్లి కాగితం దొరకలేదు. ఆయన ఇంట్లో బిడ్డ తల్లి పేరుతోనే ఒక ఆడమనిషి ఉండేది, తర్వాతి ఓడలో వచ్చింది, ఆమెది ఆయన ఇంటిపేరే. కాబట్టి ఆమె చెల్లెలు. కాబట్టి ఆయన బ్రహ్మచారి. కాబట్టి బిడ్డ గొర్రె దొంగ బిడ్డ.

చెల్లెలు అన్న మాట ఏ కాగితంలోనూ లేదు. మేము పెట్టిన మాట అది. పెట్టడమే కాదు, దాన్ని చూసి కళ్ళు తుడుచుకున్నాం కూడా.

"అన్న కోసం సముద్రం దాటి వచ్చింది సూడు తాతా" అంది అమ్మాయి. "మా అన్న నన్ను బస్టాండ్ల దించుమంటె గంటసేపు గులుగుతడు."

రిపోర్టులో ఆ చెల్లెలి ప్రేమ గురించి ఒక పేరా రాసింది. చాలా బాగా రాసింది. గొర్రె దొంగ మీ ముత్తాత తండ్రి అని తేల్చి పంపాం. ముసలామె సంతోషపడింది. గొర్రె దొంగ సమాధి ఉన్న చోటికి మనిషిని పంపి కొలతలు తీయించింది. గడ్డి పెరిగి గుర్తుపట్టలేకుండా ఉన్న ఆ చోటును శుభ్రం చేయించింది. ఆమె పంపిన ఫొటో మా గోడకు అంటించుకున్నాం.

చివరి మాటల కోసం ఆమె మాతో వీడియోలో మాట్లాడతానన్న రోజు వచ్చింది. మెప్పు వినడానికి సారు కూడా ఇస్త్రీ చొక్కా వేసుకుని పొద్దున్నే దిగాడు.

ఆ మధ్యాహ్నం అన్నం తినే వేళ. మా వెనక వరుసలో వీలునామాలు చదివే బల్ల ఉండేది, అక్కడ సంగారెడ్డి నుంచి వచ్చే ఒక ముస్లిం ఆమె పనిచేసేది. అందరూ ఆపా అనేవాళ్ళు. వారం రోజులు సెలవు పెట్టి ఆ రోజే వచ్చింది. టిఫిన్ డబ్బా నిండా డబుల్ కా మీఠా తెచ్చి అందరి ముందూ పెట్టింది.

"నోరు తీపి చేసుకోండ్రి కాకా. బిడ్డకు మంగ్నీ అయింది."

"ముబారక్ ఆపా" అంది మా అమ్మాయి. "పిల్లగాడు ఎవరు?"

"ఇంకెవరు, మా మరిది కొడుకు. మా ఇంటెనకనే ఉంటడు. చిన్నప్పటి సంది చూసిన పోరడు."

"మరిది అంటె, మీ ఆయన సొంత తమ్ముడా?"

"సొంత తమ్ముడే. నన్ను సుత మా పెద్దనాయిన కొడుక్కే ఇచ్చిండ్రు గద. ఏంది, గట్ల సూస్తున్నవు?"

"ఏం లేదు ఆపా. మా దిక్కు అట్ల..."

"మీ దిక్కు మేనమామకు ఇస్తరు. మేం ఏమన్న అన్నమా? తిను, మంచిగ తిను. మా పిల్ల ఈ గోడ కెల్లి ఆ గోడకు పోతది, నాకేం పరేషాన్ లేదు."

అందరూ నవ్వారు. అమ్మాయి నవ్వలేదు. నా వైపు చూసింది. నేను గోడ మీద గొర్రె దొంగ సమాధి ఫొటో వైపు చూశాను. తీపి నా నోట్లో అలాగే ఉండిపోయింది.

"ఆపా, మొగుడు పెండ్లాలకు పుట్టుకతోనే ఇంటిపేరు ఒక్కటి ఉండొచ్చునంటవా?" అన్నాను.

"ఎందుకుండది? ఒక్క ఖాందాన్ అయితె ఉంటది. ఎవరి సంగతి?"

గడ్డివాము ఆయన సంగతి చెప్పాను. ఆమె చెంచా పక్కన పెట్టి విన్నది.

"చెల్లె అని కాగితంల ఉన్నదా?"

"లేదు."

"మరి మీకెవరు చెప్పిండ్రు?"

ఇన్నాళ్ళూ ఆమె మా వెనక బల్ల దగ్గరే కూర్చుంది. మేమెప్పుడూ అడగలేదు, ఆమెకు చెప్పే పని పడలేదు.

నాకు ఎక్కడ మండిందో చెప్పాలి. మాకు పని నేర్పినప్పుడు ఇచ్చిన పుస్తకం ఇటుకంత లావుంది. చుక్క ఎక్కడ పెట్టాలో, ఖాళీ ఎంత వదలాలో అంతా ఉంది అందులో. ఆ దేశంవాళ్ళు ఎవరిని ఎవరు పెండ్లాడతారో ఒక్క ముక్క లేదు. రాసినవాళ్ళకు అది చెప్పాల్సిన సంగతి అనిపించలేదు. మాకు అడగాల్సిన సంగతి అనిపించలేదు.

సారు దగ్గరికి పోయాం. విని తల పట్టుకున్నాడు.

"ఇప్పుడు మారుస్తామంటే మన పరువేం కావాలి? రిపోర్టు పోయింది, రాయి తయారైంది. ఆమె సంతోషంగా ఉంది. ఉండనివ్వండి."

"వేరేటోని సమాధి మీద పెడ్తది సార్" అన్నాను.

"వేరేవాడని నీకు ఖాయంగా తెలుసా?"

అక్కడ నేను దొరికిపోయాను. తెలియదు. ఆ ఆడమనిషి భార్య కావచ్చు, నిజంగా చెల్లెలే కావచ్చు. పొద్దున దాకా ఒక జవాబు ఉండేది, ఇప్పుడు అది కూడా లేదు.

"తెల్వదన్న సంగతన్న చెప్పాలె గద సార్" అంది అమ్మాయి. అంతలో ముసలామె వీడియో ఫోన్ మోగడం మొదలైంది.

తెర మీద ముసలామె కనపడింది. నీలం స్వెటర్ వేసుకుంది. వెనక గోడకు ఆనించిన బూడిదరంగు రాయి. దాని మీద ముగ్గురికీ చెందే ఆ ఒక్క పేరు అప్పటికే చెక్కి ఉంది, కింద చోటు ఖాళీగా ఉంది. అక్కడ ఏం రాయిస్తే బాగుంటుందో మమ్మల్నే అడిగింది. మీరు ఆయన్ను నాకు తెచ్చి ఇచ్చారు, మీ మాటే ఉండాలి అంది.

సారు దండం పెట్టి నవ్వుతున్నాడు. బల్ల కింద ఆయన బూటు నా కాలిని నొక్కుతోంది. అయినా నేను ఫ్యాక్టరీ ఇంగ్లిషులో చెప్పేశాను. అమ్మా, మా వాళ్ళలో ఒకే ఇంటిపేరువాళ్ళు పెండ్లి చేసుకోరు. అందుకని మీ గడ్డివాము ఆయన ఇంట్లో ఆమెను మేము చెల్లెలు చేశాం. ఆమె భార్య కావచ్చు. అప్పుడు మీ ముత్తాత ఆయన బిడ్డ.

ఆమెకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. గడ్డివాము ఆయన అంటే ఎవరో అమ్మాయి విడమరిచి చెప్పాల్సి వచ్చింది. అర్థమయ్యాక ఆమె కోప్పడలేదు, ఆశ్చర్యపోయింది.

"వాళ్ళు వచ్చిన ఊళ్ళో సగం మందికి అదే ఇంటిపేరు. ఒకరినొకరు చేసుకోకపోతే ఎవరిని చేసుకుంటారు?"

"మరి చెల్లెలు అని రాసినప్పుడు మీరు అడగలేదు" అన్నాను. గొంతులో కోపం వచ్చేసింది, ఆపుకోలేకపోయాను.

"మీరు ఏదో కాగితం చూసే రాశారనుకున్నాను."

మేము మాకు తెలిసిందే లోకమనుకున్నాం. ఆమె మాకు అన్నీ తెలుసనుకుంది. ఈ రెండింటి మధ్య గొర్రె దొంగ సమాధిని శుభ్రం కూడా చేశారు.

"అయితే ఇప్పుడు ఖాయమేనా? గడ్డివాము మనిషేనా?"

"కాదమ్మా" అంది అమ్మాయి మెల్లగా. "ఇద్దరిలో ఎవరైనా కావచ్చు. ఇంకా వెతుకుతాం. కానీ దొరుకుతుందని మాట ఇవ్వలేం."

ముసలామె కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత ఆమె అడిగిన ప్రశ్న లాంటిది నన్ను ఏ ఆఫీసరూ ఎప్పుడూ అడగలేదు.

"సరే. మీరు అనుకున్నది వదిలేయండి. వాళ్ళ గురించి మీకు కచ్చితంగా తెలిసింది చెప్పండి."

చెప్పాను. గొర్రె దొంగకు పెండ్లయింది. ఆ తర్వాత ఆయన భార్య ఎక్కడా కనపడదు, ఆయన ఒంటరిగానే చనిపోయాడు. గడ్డివాము ఆయన, ఆ ఆడమనిషి ఒకే ఇంట్లో ఉన్నారు. ఆయన పోయాక కూడా ఆమె ఆ ఇంట్లోనే ఉంది. ఆమె పోతే తెచ్చి ఆయన పక్కనే పెట్టారు. ఇంతే తెలుసు.

"ఒకే ఇంట్లో ఉన్నారు" అని ఆమె తనలో తాను అనుకుంది. ఆలోచించుకుంటానని చెప్పి తెర ఆపేసింది.

ఆ సాయంత్రం సారు నన్ను వీలునామాల బల్లకు మార్చేశాడు. శిక్ష అనుకుని మార్చాడు. ఆపా పక్కన కూర్చుని నేను మానేసేదాకా హాయిగా పనిచేశాను. "సొరకాయ కూర తెచ్చిన కాకా, దీని ఇంటిపేరు వేరే, తినొచ్చు" అని రోజూ ఏదో ఒకటి అంటుండేది. మా అమ్మాయి మాత్రం ఆ రెండు పేర్ల మీద ఇంకా చాన్నాళ్ళు కూర్చుంది. పెండ్లి కాగితం దొరకలేదు. చెల్లెలని చెప్పే కాగితమూ దొరకలేదు.

కొన్నాళ్ళకు ఆస్ట్రేలియా నుంచి ఫొటో వచ్చింది. బంధువులంతా గొడుగులు పట్టుకుని నిలబడ్డారు, ముసలామె కుర్చీలో ఉంది. రాయిని గడ్డివాము ఆయన సమాధి మీద పెట్టించింది. ఆయన పేరు కింద ఆ ఆడమనిషి పేరు కూడా చెక్కించింది. భార్య అని లేదు, చెల్లెలు అని లేదు. కింద ఒక్కటే వరుస, ఒకే ఇంట్లో ఉన్నారు అని.

"తాతా, ఇంతకు పెండ్లామా చెల్లెనా? నీ మనసుల ఏమున్నది?" అని అమ్మాయి అడిగింది.

"నాకు తెల్వది బిడ్డా" అన్నాను. ఇప్పటికీ తెలియదు. ఒకరోజు భార్య అనిపిస్తుంది, ఒకరోజు చెల్లెలే అనిపిస్తుంది. మా ఊరి బుద్ధి మళ్ళీ వచ్చి కూర్చుంటుంది.

నాకు పాపమనిపించేది గొర్రె దొంగ గురించే. కొన్ని వారాల పాటు ఆయనకు మనవలు, మునిమనవలు, ఒక రాయి, గడ్డి తీసిన సమాధి అన్నీ ఉండేవి. మేమే ఇచ్చాం, మేమే లాక్కున్నాం. అడిగేవాళ్ళు లేరు కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు. చేయని తప్పుకు మెమో తీసుకున్నవాణ్ణి కాబట్టి ఆ సంగతి నన్ను వదలదు.

మొన్న పెత్రమాస నాడు, అదే పితృ అమావాస్య, పెద్దల పేరున బియ్యం ఇవ్వడానికి కూర్చున్నాను. అయ్యగారు మా నాయన పేరు, తాత పేరు చెప్పించుకున్నాడు. ఇంకెవరైనా ఉన్నారా అంటే, గొర్రె దొంగను తలుచుకుని ఆయన పేరు చెప్పాను. అయ్యగారికి నోరు తిరగలేదు. మళ్ళీ చెప్పమన్నాడు.

"ఇదేం పేరు? మీకేమైతడు?"

"ఏం కాడు."

"గోత్రం?"

"తెల్వది. ఆయనకు ఎవరూ లేరు, రాసుకోండ్రి."

అయ్యగారు విసుక్కుంటూనే ఆ పేరు పలికి నీళ్ళు వదిలించాడు. నా భార్య వెనక నుంచి బియ్యం పళ్ళెంలో కూరగాయ ఒకటి ఎక్కువ పెట్టింది. లేచి వస్తుంటే గడప దగ్గర ఒక సంగతి తట్టి ఆగిపోయాను. గొర్రె దొంగ అని చెప్పలేదు నేను. పేరు మాత్రమే చెప్పాను. ఆ పేరు ముగ్గురిది. ఆ నీళ్ళు ఎవరికి ముట్టాయో ఇప్పటిదాకా నాకు తెలియదు.